టు ఎక్కం, ఫర్ ఎక్కం

నలభై దాటిన తరువాత నేను ఇంగ్లీషు మీద పడ్డాను. కొలువు కోసం కాదు, గొప్ప కోసమూ కాదు. నా భార్య కాలి కోసం.

నాది ఎర్రగుంట్ల దగ్గర బండల గనిలో కొలతలు చూసే పని. పొడవును వెడల్పుతో హెచ్చవేసి చదరపు అడుగులు చెప్పడం, మూల విరిగిన బండకు ఎంత కొట్టివేయాలో చెప్పడం, రైలు పెట్టెలో ఎన్ని వరసలు పడతాయో చూడటం. ఈ లెక్కలు నాకు ఏ బడిలోనూ రాలేదు. మా సొంతూరు కోడుమూరు తట్టు. అక్కడ సరుకుల అంగడి అరుగు మీద కూర్చుని, లోపల షావుకారు తన కొడుకు చేత వల్లె వేయించే ఎక్కాలు విని నేర్చుకున్నాను. వీసం, పరక, కాలు, అర, ముక్కాలు అన్నీ అలా చెవిన పడి వచ్చినవే. పలక లేకుండా నేర్చినందువల్ల కాబోలు, నాకు ఏ సంగతయినా ఎక్కంగా మారితే తప్ప తలలో నిలవదు.

ఇప్పుడు మేము కాపురం ఉండే గని ఊళ్లో నారికురుపు తెలియనివాళ్లు లేరు. ఎండాకాలం దిగుడుబావిలో నీళ్లు అడుగంటే వేళకు కాలి మీద బొబ్బ లేస్తుంది. అది పగిలి తెల్లని దారంలాంటి పురుగు తల బయట పెడుతుంది. ఆ తలను పుల్లకు చుట్టి రోజూ కొంచెం కొంచెంగా లాగాలి. తొందరపడితే తెగుతుంది. తెగితే లోపల మిగిలిన ముక్క చీము పడుతుంది. నా భార్యకు మోకాలి కింద లేచిన కురుపు అలాగే అయింది. నీళ్ల కడవ దించుకుంటుంటే పుల్ల చీర అంచుకు తగులుకుని పురుగు తెగింది. మోకాలు బూరెలా పొంగింది. నొప్పికి కాలు మడుచుకుని పడుకునేది. కొన్నాళ్లకు ఆ మడత మడతగానే నిలిచిపోయింది. చాపబోతే ప్రాణం పోయినట్టు అరిచేది.

మా వీధిలో ఇంకొకామెకు కొన్నేళ్ల కిందట ఇలాగే అయింది. ఆమె కాలు మళ్లీ చాపుకోలేదు. చేతులు నేలకు ఆనించి, నడుము ఈడ్చుకుంటూ పోతుంది. ఆమె మా వాకిలి ముందుగా పోతున్నప్పుడల్లా నా భార్య మొహం గోడ వైపు తిప్పుకునేది. ఆ భయం గురించి మేము ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవడానికి అందులో కొత్త సంగతి ఏముంది? కాలు సాపు కాకపోతే, తిన్నగా చాపుకోలేకపోతే తన గతి ఏమిటో రోజూ వాకిట్లోంచే పోతోంది.

ఉమ్మెత్తాకు కట్టాము. జిల్లేడు పాలు పోశాము. చివరికి అందరూ చెప్పింది ఒకటే. పెన్న ఒడ్డున మిషను ఆసుపత్రి ఉంది, అక్కడ దొరసాని డాక్టరమ్మ కత్తి పట్టి కాళ్లు బాగు చేస్తుంది. ఆ చెప్పినవాళ్లే గొంతు తగ్గించి ఇంకొక మాటా చెప్పారు. "ఆమెకు మన బాధ సరిగా తెలిసేటట్ల చెప్పల్లప్పా. తెలీకుంటే తొడ కాడికి తీసేస్తాది. ఫలానా ఊర్లో ఒగనికి అట్లనే చేసినారంట." ఏ ఊరో, ఎవరో అడిగితే ఎవరికీ తెలియదు. అయినా ఆ మాట నన్ను వదలలేదు.

వెంటనే పోదామంటే సెలవు లేదు. గని గుంతల్లో నీళ్లు నిండితే గాని పని ఆగదు, పని ఆగితే గాని కొలిచేవాణ్ని వదలరు. తొలకరి దాకా ఆగక తప్పలేదు. రెండిళ్ల అవతల ఉండే ఆమె మాకు నీళ్లు తెచ్చిపోయేటట్టు మాట్లాడి పెట్టాను. వానలు పడేలోగా నేను చేయగలిగిన పని ఒకటే కనిపించింది. డాక్టరమ్మకు తెలిసేటట్టు చెప్పగలగడం.

గనిలో బండలు ఎత్తేవాళ్లు ఎక్కువమంది చర్చి పేటవాళ్లు. ఆ పేటలో ముసలి ఉపదేశి ఒకాయన ఉండేవాడు. చర్చిలో చాలా ఏళ్లు వాక్యం చెప్పి, దగ్గు ఎక్కువై మానుకున్నాడు. మిషను బడిలో చదివినవాడు. నేను సాయంత్రాలు పని నుంచి నేరుగా ఆయన అరుగు మీదికి పోయేవాణ్ని. నేను ఆ పేటలోకి పోయి కూర్చోవడం మా వీధిలో కొందరికి గిట్టలేదు. ముఖం మీద అనలేదు గాని, నేను వస్తుంటే మాటలు ఆపేవాళ్లు. అది పట్టించుకునే ఓపిక అప్పుడు నాలో లేదు.

ఇంగ్లీషు ఎందుకని ఉపదేశిగారు అడిగితే, గనికి కొత్త దొర వస్తాడంట, పనికి వస్తుందని చెప్పాను. ఇంటి ఆడమనిషి కాలి సంగతి పరాయి మగాడితో చెప్పడానికి నోరు రాలేదు.

మొదటి రోజు నేను గని గుమాస్తా అర్జీల్లో రాసే వాక్యం ఒకటి బట్టీపట్టి పోయాను. "ఐ బెగ్ టు స్టేట్" అని గట్టిగా చెప్పాను.

ఉపదేశిగారు దగ్గు వచ్చేదాకా నవ్వారు. "ఏమప్పా, దొర ముందర జోలె పట్టుకొని నిలబడతావా? బెగ్ అంటే అడుక్కునేది. ఆ కాగితాల మాట కాగితాల్లోనే ఉండనీ. మనిషి మనిషితో మాట్లాడే మాట నేర్చుకో. దప్పికయితాది, ఆకలయితాది, పోవల్ల, రావల్ల. ఐ వాంట్ టు డ్రింక్ వాటర్. యాదీ, చెప్పు."

చెప్పాను. "మధ్యలో ఆ ‘టు’ ఎందుకయ్యగారూ? వాంట్ ఉంది, డ్రింక్ ఉంది. చాలదా?"

"నువ్వు తాగేకి అంటావా, తాగు అంటావా? నాకు నీళ్లు తాగు కావల్ల అంటే నవ్వరూ? తాగేకి, పొయ్యేకి, చూసేకి. ఆ ‘కి’ మనకు ఎనక తోక. వాళ్లకు ముందర కొమ్ము. టు డ్రింక్, టు గో, టు సీ. అంతే."

ఆ మాట విన్నప్పుడు నా ఒళ్లు తేలికయింది. ఒక సూత్రం దొరికితే ఇక మిగిలింది వల్లె వేయడమే. మరుసటి రోజు గనికి నడిచిపోతూ ఎక్కం కట్టాను. రెండొకట్ల రెండు అనే రాగంలోనే. వాంట్ టు గో, పొయ్యేకి కావల్ల. ట్రై టు గో, పొయ్యేకి చూస్తాండా. హోప్ టు గో, పోతాననే ఆశ. ఫర్‌గెట్ టు గో, పొయ్యేది మరిచినా. రెఫ్యూజ్ టు గో, పోనంటే పోను. గో తీసేసి కమ్ పెట్టు, ఈట్ పెట్టు, వాక్ పెట్టు. అన్నింటికీ అదే కొలత. వరస వరసకూ బండలు పేర్చినట్టు సరిపోయేవి. ఇంత సులువయిన భాషకు ఇంతమంది ఎందుకు భయపడుతున్నారో అనుకున్నాను.

ఆ సంతోషం ఎక్కువ కాలం లేదు. "ఐ వెయిట్ టు ద కార్ట్" అన్నాను ఒకనాడు, బండి కోసం కాచుకున్నానని చెప్పబోయి.

"వెయిట్‌కు ఫర్" అన్నారు ఉపదేశిగారు. "వెయిట్ ఫర్ ద కార్ట్. లిసన్‌కు టు. లుక్‌కు అట్. సఫర్‌కు ఫ్రమ్. డిపెండ్‌కు ఆన్."

"ఏ లెక్కన?"

"ఏ లెక్కా లేదు. ఎవుని పెండ్లాం వానికి."

ఆ మాటకు నేను నవ్వలేకపోయాను. లెక్క లేనిది తలలో పెట్టుకోవడం నాకు చేతకాదు. రెండు రెండ్లు నాలుగంటే అది కోడుమూరులోనూ నాలుగే, ఎర్రగుంట్లలోనూ నాలుగే. ఈ లుక్ చూడబోతే ఇంటికొక రకం. అట్ పెడితే కంటితో చూడటం. ఫర్ పెడితే వెతకడం. ఆఫ్టర్ పెడితే సాకడం. ఇంటు పెడితే విచారించడం. డౌన్ ఆన్ పెడితే చులకన చేయడం. ఒక్క బండను తిప్పి పెట్టినప్పుడల్లా దాని చదరపు అడుగులు మారుతుంటే కొలిచేవాడు ఏం కావాలి?

ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన దగ్గు ఆపుకుని, "మన ‘పడు’ను ఎప్పుడన్నా కొలిచినావా?" అన్నారు. "భయపడు, సిగ్గుపడు, కనపడు, బయటపడు, జబ్బుపడు. ఒగదానికీ ఒగదానికీ పొత్తుండాదా? పుట్టినప్పటినుంచి వాటి మధ్యలో పడి పొర్లాడినావు కాబట్టి నీకు బరువు తెలీదు. దొరసానులు ఈ ‘పడు’ నేర్చుకునేకి ఎంత ఏడ్చింటారో!"

ఆ చివరి మాట నా చెవిన పడి కూడా పడలేదు. నాకు నా బరువే ఎక్కువగా ఉంది.

సరే అని ఎక్కాలు విడదీశాను. ఫర్ ఎక్కం ఒకటి. వెయిట్ ఫర్, ఆస్క్ ఫర్, సెండ్ ఫర్, లుక్ ఫర్, ప్రే ఫర్. ఫ్రమ్ ఎక్కం ఒకటి. కమ్ ఫ్రమ్, సఫర్ ఫ్రమ్, రికవర్ ఫ్రమ్. అట్ ఎక్కం చిన్నది, లుక్ అట్, లాఫ్ అట్, పాయింట్ అట్. ఏ ఎక్కంలోనూ ఇమడనివి కొన్ని మిగిలేవి. పక్కకు నెట్టిన విరిగిన బండల్లాగా అవి నన్ను చూస్తూ ఉండేవి. స్టాప్ అనే మాట అందులో పెద్దది. స్టాప్ టు డ్రింక్ అంటే తాగేకి ఆగినాడు. స్టాప్ డ్రింకింగ్ అంటే తాగేది మానినాడు.

"మొదటి రకం వాళ్లు మా పేటలోనూ ఉండారు, మీ వీధిలోనూ ఉండారు" అన్నారు ఉపదేశిగారు. "రెండో రకం నేను ఇంతవరకు చూళ్లేదు. కాబట్టి ఆ రెండోది నీకు అక్కర పడదులే."

గనిలో ఎండకు బండలు పెనాల్లా కాలేవి. చెప్పు అడుగు మెత్తబడి జారేది. నేను కొలబద్ద వేస్తూ, నోటితో చదరపు అడుగులు చెబుతూ, ఆ రెంటి మధ్య సందులో పెదవులు కదుపుతూ ఉండేవాణ్ని. బండలు ఎత్తే ఆడవాళ్లు కనిపెట్టారు.

"లెక్కలయ్యకు ఏందో పట్టింది మే" అంది ఒకామె.

"ఇంగ్లీషు దెయ్యం పట్టింది. దానికి యాపమండలు పనిచెయ్యవు, బూట్ల కాళ్లతో తన్నల్ల" అంది ఇంకొకామె.

మొదటామె తట్ట కింద పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని, "ఏమప్పా, ఐ వాంటు గో ఇంటికి!" అంది. అందరూ ఒకేసారి నవ్వారు. మేస్త్రి కేకలేశాడు. అప్పటినుంచి పొద్దు వాలేసరికి ఎవరో ఒకరు "వాంటు గో" అనడం గనిలో మామూలయిపోయింది. నాకు కోపం రాలేదు. వాళ్లు చెప్పిన తీరులో తప్పు కూడా పెద్దగా లేదు. కోపం రావడానికీ కొంత బలం కావాలి. పగలు ఎండ, సాయంత్రం ఉపదేశిగారి అరుగు, ఇంటికి పోతే ఆ మడిచిన కాలు. ఎక్కడా కాస్త నడుం వాల్చే చోటు లేదు.

ఇంట్లో అన్నం తింటూ కూడా వల్లె వేసేవాణ్ని. నా భార్య గోడకు ఆనుకుని, మడిచిన కాలి కింద పాత బొంత ఎత్తు పెట్టుకుని వినేది. చదువు రాని మనిషి. కానీ చెవి చాలా చురుకు.

"నిన్న వెయిట్‌కు ‘ఫర్’ అంటివి. ఈ పొద్దు ‘టు’ అంటాండావు" అంది ఒకనాడు.

నాకు చిరాకు వేసింది. "నువ్వేమన్నా మిషను బడిలో చదివినావా ఏమ్మే?"

"నువ్వు రోజూ వల్లె వేసుకుంటాంటే గోడలకు గూడా వస్తాది. నాకు రాదా?" అని, కాసేపాగి, "ఇంత బరువు ఎందుకు నెత్తికెత్తుకుంటావు? కాలు ఆ డాక్టరమ్మ కండ్ల ముందర పెడితే ఆమెకు కనపడదా?" అంది.

"కనపడితే చాలదు. కనపడినదాన్ని తీసేస్తే?"

ఆమె కాలి కింది బొంత సర్దుకుంది.

నాకు కావలసిన మాటలు రెండు మిగిలాయి. ఉపదేశిగారిని మెల్లగా అడిగాను. "కురుపును ఏమంటారయ్యగారూ?"

"సోర్ అంటారు. ఎందుకు, వచ్చే దొరకు కాలికి కురుపు లేసినాదా?"

"ఊరికే. నరకొద్దు అనేకి?"

"డు నాట్ కట్. ఏం, దొర గని కాడ చెట్లు కొట్టిస్తాడంటనా? కొట్టొద్దని చెప్పు, మంచిదే. ఆ ఉండే రెండు తుమ్మచెట్లూ పోతే మా ఆడోళ్లకు కూకునేకి నీడ గూడా ఉండదు."

అవునన్నాను. 

వానలు పడ్డాయి. గుంతలు నిండాయి. నేను సెలవు అడగకముందే మేస్త్రి పొమ్మన్నాడు. బండిలో వరిగడ్డి పరిచి నా భార్యను పడుకోబెట్టాను. దారి పొడుగునా ప్రతి కుదుపుకూ ఆమె పళ్లు బిగపట్టేది. పెన్న ఇసకలో చక్రాలు దిగబడి ఎడ్లు నిలిచిపోతే నేను దిగి తోశాను. తోస్తూ కూడా వల్లె వేస్తున్నాను. ట్రై టు సేవ్. లుక్ అట్. సఫర్ ఫ్రమ్. బండి తోలే ఆయన, "మంత్రమా అప్పా?" అన్నాడు. మంత్రమే అన్నాను.

ఆసుపత్రి వసారాలో చాలామంది ఉన్నారు. మా వంతు వచ్చేసరికి ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. డాక్టరమ్మ నేననుకున్నంత పొడగరి కాదు. ముఖం మన ఎండకు కమిలి ఇటుక రంగులో ఉంది. చేతులు కడుక్కుంటూ మా వైపు తిరిగింది. నేను నిలబడి, గొంతు సవరించుకుని, మొదలుపెట్టాను.

"మేడమ్, మై వైఫ్ ఈజ్ సఫరింగ్ ఫ్రమ్ ఎ సోర్. షి ఈజ్ నాట్ ఏబుల్ టు వాక్. ఐ హావ్ కమ్ టు ఆస్క్ యు టు లుక్ అట్ హర్ లెగ్. ప్లీజ్ ట్రై టు సేవ్ ది లెగ్. ప్లీజ్ డు నాట్ కట్."

ఎక్కం రాగంలోనే చెప్పాను. ఇంకొక రాగం నాకు రాదు. ఒక్క మాటా జారలేదు. ఆమె మధ్యలో ఆపకుండా, తల కూడా ఊపకుండా చివరిదాకా విన్నది. తరువాత ఇంగ్లీషులో ఏదో చెప్పింది. వాగు పారినట్టు పోయింది. అందులో నాకు అందినవి టు, ఫర్, టు, అట్. అంతే. వాటి ముందున్నదీ వెనకున్నదీ ఏమిటో తెలియలేదు. జంతువు వెళ్లిపోయింది, తోకలు నా చేతిలో మిగిలాయి. వేసవి అంతా చెప్పడం నేర్చుకున్నాను గాని, ఆమె మారు మాట చెబుతుందని నాకు తోచనే లేదు.

నా ముఖం చూసి ఆమెకు అర్థమయింది. ముక్కాలిపీట లాక్కుని నా భార్య కాలి దగ్గర కూర్చుంది. మోకాలి చిప్ప మీద రెండు వేళ్లు పెట్టింది.

"ఎన్నాళ్లయిందమ్మా? పురుగు మధ్యలో తెగిపోయిందా? యాడ శానా నొస్తాండాది, ఈడనా, ఈడనా?"

తెలుగులో మాట్లాడింది ఎవరా అని నేను చుట్టూ చూశాను. డాక్టరమ్మే. పక్కన నిలబడిన నర్సు నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మోపు దించుకున్నట్టూ అనిపించింది, మోపు ఎవరో ఎత్తుకుపోయినట్టూ అనిపించింది. కూర్చుంటే బాగుండునని చూశాను. కూర్చునే చోటు లేదు.

"మీ ఆయన బాగానే చెప్పినాడు" అంది డాక్టరమ్మ నా వైపు చూడకుండా. "అయినా నీ నోట్లోంచి వినల్ల. చెప్పు."

నా భార్య మొదట కొంగు సర్దుకుంది. తరువాత చెప్పడం మొదలుపెట్టింది. పురుగు తెగిన రోజు, చీము పట్టిన తీరు, ఏ పక్కకు పడుకుంటే సలుపు తగ్గేది, అన్నీ వరసగా చెప్పింది. నేను కట్టుకున్న వాక్యాల్లో వీటిలో ఒక్కటీ లేదు. తరువాత ఆమె చెప్పింది నాకూ కొత్త.

"నీళ్లు తెచ్చే ఆమెకు గూడా కురుపు లేసిందమ్మా. ఆమె నీళ్లు ఆమె తెచ్చుకునేకే గాదు. ఇంగ నేనే పోతాంటి."

"ఈ కాలితోనా? ఎట్ల దిగినావు?"

"కూకుంటి. ఒగ మెట్టు మీద కూకుని కింది మెట్టుకు జారతాంటి. కడవ ఒళ్లో పెట్టుకుంటాంటి. ఎక్కేటప్పుడు పై మెట్టు మీద కడవ పెట్టి, చేతులూని ఎనక్కెనక్కి ఎక్కుతాంటి. మా ఇంటాయన గనికి పోయినాక పోయి, ఆయన వచ్చేలోపల వస్తాంటి."

"ఆయనకు చెప్పలేదా?"

"చెప్తే ఏం చేస్తాడమ్మా? మనిషిని పెడితే ఎంతవుతాదని లెక్కేసుకుంటా కూకుంటాడు. ఆ లెక్క తెగేలోపల కడవలో నీళ్లు అయిపోతాయి." నర్సు ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే నవ్వింది. నా భార్య నవ్వలేదు. తనే డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని ఇలా అంది. "కాలు సాపు అయ్యేదీ కానిదీ నీ చేతిలో ఉండాది. నాకు ఒగ మాట సాయం చెయ్యి. ఈ కాలితో బావిలో దిగకూడదని నువ్వే చెప్పమ్మా. రెండు నెలలయినా సరే. నేనడిగితే మాట, నువ్వు చెప్తే మందు. ఆయన మందయితే ఇంటాడు."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "విన్నావా అయ్యా?"

"విన్నాను."

"నీళ్లు ఎవరు తెస్తారు?"

అలవాటు కొద్దీ నా తలలో లెక్క మొదలయింది. అది సగంలో ఉండగానే నోరు, "నేనే తెస్తా" అంది.

కాలు తీసే మాట డాక్టరమ్మ ఎత్తనే లేదు. నేనే అడిగాను, తెలుగులో. "తీసేది లేదు. చీము తీస్తాం, మిగిలిన పురుగు తీస్తాం, చెక్క పలక కట్టి కొంచెం కొంచెంగా సాపు చేస్తాం. మొత్తం సాపు అవుతాదని నేను చెప్పలేను. నడుస్తాది. అది చెప్పగలను" అంది. తరువాత ఇంకొక సంగతి చెప్పింది. కురుపు ఉన్న కాలు నీళ్లలో పెడితే, అందులోంచి కంటికి కనపడని పిల్లలు నీళ్లలో పడతాయి. ఆ నీళ్లు వడగట్టకుండా తాగినవాళ్లకు మరుసటి ఏడు కురుపు లేస్తుంది. "గుడ్డ మడిచి కడవకు కట్టి వడగట్టండి. కురుపు ఉండేవాళ్లు బావిలో దిగొద్దు. ఊర్లో అందరికీ చెప్పు. నేను చెప్తే దొరసాని మాటంటారు, నువ్వు చెప్పు."

కాలికి పలక కట్టి నా భార్యను ఆసుపత్రిలో ఉంచుకున్నన్నాళ్లు నేను వసారాలో పడుకున్నాను. ఏ కాలిలోంచి ఏ కాలిలోకి, ఏ ఏటి నుంచి ఏ ఏటికి అని ఆలోచించేవాణ్ని. ఆమె కురుపు నిరుడు ఎవరో దిగిన నీళ్లది. వచ్చే ఏడు ఎవరిదో ఆమె దిగిన నీళ్లది. మా ఇంటి మట్టుకు చూసుకుంటే ఆ లెక్క తేలదు. బావిలో నీళ్లు తాగేవాళ్లందరినీ వేసుకుంటే గాని తేలదు.

పలకతోనే ఆమెను ఇంటికి తెచ్చాక ఉపదేశిగారితో సంగతంతా చెప్పాను. ఆయన నెత్తి కొట్టుకున్నారు.

"ఓరి నీ పాసుగాల! ఆ డాక్టరమ్మ మన చర్చిలో తెలుగులోనే ప్రార్థన చేస్తాదప్పా. నాకంటే బాగా చేస్తాది. ఒక్క మాట అడగకపోతివే!"

"కాలి సంగతి ఎట్ల చెప్పేది, అయ్యగారూ?"

"తుమ్మచెట్ల సంగతి మాత్రం చెప్పేకి సిగ్గు కాలేదా?" అని దగ్గారు. దగ్గు తగ్గాక ఆయన నవ్వలేదు. "మా బావిలో గూడా దిగొద్దని ఆదివారం చెప్పిస్తా. కురుపులు మా పేటలోనూ ఉండాయి" అన్నారు.

మరుసటి రోజు తెల్లవారి కడవ ఎత్తుకుని నేను దిగుడుబావికి పోయాను. ఆ వేళ అక్కడ మగవాళ్లు ఉండరు. ఆడవాళ్లు పక్కకు జరిగి దారిచ్చారు, గౌరవంతో కాదు.

"ఏమప్పా, దొరసాని నీకు కడవ మోసేకి నేర్పినాదా?"

"బావి కొలిచేకి వచ్చినాడేమో మే. ఇన్ని చదరపు అడుగులు నీళ్లని చెప్తాడు."

"మోసేది చూడు, బండ మోసినట్ల! చంకలో పెట్టుకోప్పా, అది మొగుడు గాదు, కరవదు."

పైకి వచ్చేసరికి సగం నీళ్లు నా పంచె మీదే ఉన్నాయి. ఊపిరి తీసుకుని డాక్టరమ్మ చెప్పిన మాట చెప్పాను. కురుపు ఉన్నవాళ్లు దిగవద్దు, ఎవరన్నా వాళ్ల కడవలు ముంచి ఇవ్వండి అన్నాను. కాలికి గుడ్డ చుట్టుకున్న ముసలామె ఒకామె కడవ నేలకేసి కొట్టినంత పని చేసింది. "నా కాలు, మా తాత తవ్వించిన బావి. దిగొద్దనేకి నువ్వెవుడు? నాకెవుడు ముంచి పోస్తాడు, నీ దొరసాని పోస్తాదా?"

 ఆమె చేతిలో కడవ తీసుకుని దిగాను. దాని వెనక ఇంకొకామె తన కడవ కూడా చాచింది, నవ్వుతూనే. అలా మొదలయింది. కొన్నాళ్లకు కురుపున్న వాళ్ల కడవలు గట్టు మీద వరసగా పెట్టి ఉండేవి, నేను వచ్చేలోపలే. కొందరు నమ్మి పెట్టారు. కొందరు ఊరికే వస్తుంటే ఎందుకు వదులుకోవాలని పెట్టారు. ఎవరిది ఏదో నేను అడగలేదు. కొందరు నా మాట వినకుండా దిగుతూనే ఉన్నారు. గనిలో పని మళ్లీ మొదలయ్యాక, అక్కడికి పోయేసరికి నా నడుం అప్పుడే పనిదినం ముగిసినట్టు ఉండేది.

పలక విప్పిన తరువాత ఒక ఉదయం నా భార్య తనంతట తాను నడిచి బావి గట్టు దాకా వచ్చింది. కాలు పూర్తిగా సాపు కాలేదు. ఇప్పటికీ అడుగు వేస్తే ఒక భుజం కొంచెం కిందికి వంగుతుంది. వీధిలో చేతులూని పోయే ఆమె వాకిట్లో కూర్చుని, తను పోతున్నంతసేపూ చూస్తూ ఉందని నా భార్య తరువాత చెప్పింది. ఈసారి తను మొహం తిప్పుకోలేదట. ఆగి, ఆమె కడవ కూడా అడిగి తెచ్చిందట.

ఆ రెండు కడవలూ గట్టు మీద పెట్టి, మూతులకు మడిచిన గుడ్డ కట్టి కూర్చుంది. నేను మెట్ల మీద ఊపిరి తీసుకుంటున్నాను.

"నిండుగా తేవద్దులే" అంది. "నువ్వు తెచ్చేది దోవలోనే ఒలుకుతాది. సగం సగం తే. ఇంగో రెండు తూర్లు ఎక్కువ దిగుదువు గాని."

సరేనని దిగాను.